దండ పడిన ఖాతా

మొదటి రోజు

“ఒక్కసారి తలుపు తియ్యరా, చాలు. ఆట లోపలికి దిగాక మళ్ళీ దాని మొహం చూడక్కర్లేదు” అని మేడిశెట్టి రిత్విక్ నాకు మాటిచ్చాడు. అప్పటికి మా ఇద్దరికీ పాతికేళ్ళు నిండలేదు. ఇప్పుడు నాకు ఎనభై దగ్గర పడింది. ఈ మధ్యకాలమంతా రోజూ పొద్దున్నే దాని మొహమే చూశాను. కట్టుకున్నదాని మొహం అన్నిసార్లు చూసి ఉంటే ఆవిడ పెద్దాపురం వెళ్ళిపోయేది కాదేమో.

దాని పేరు ద్వారం. కంప్యూటర్లో ఏ ఆట ఆడాలన్నా ముందు ద్వారం తెరవాలి, కెమెరాకి మొహం చూపించాలి, అది సరేనంటేనే ఆట. మొదట్లో ఇష్టమైనవాళ్ళే తెరవండన్నారు. తర్వాత కొత్త ఆటలకి తప్పదన్నారు. ఆ తర్వాత చట్టం వచ్చింది, ద్వారంలోంచి రాని ఆట నడిపితే నేరమన్నారు. ఆటలే కదా అని పెద్దమనుషులెవరూ నోరెత్తలేదు. ఇప్పుడు మా బ్లాకులో లిఫ్టు కూడా మొహం చూడందే కదలదు. ఆనాడు నోరెత్తని పెద్దమనుషులంతా లిఫ్టు ముందు నిలబడి తల అటూ ఇటూ తిప్పి చూపిస్తుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

ఇవాళ పొద్దున మా చెల్లెలు హాసిని బాల్కనీలో సోలార్ ప్యానెల్ మీద గుమ్మడి వడియాలు పెట్టింది. హాసిని నాకన్నా నాలుగేళ్ళు చిన్న, మాటల్లో నలభై ఏళ్ళు పెద్ద. కాకినాడలో సముద్రం మెయిన్ రోడ్డు దాకా వచ్చాక మేడలన్నీ ఎత్తయిన స్తంభాల మీద కట్టారు. ఎండబెట్టుకోవడానికి డాబా ఎవరికీ మిగల్లేదు. అందరికీ ప్యానెళ్ళే గతి. సగం ప్యానెల్ వడియాల కింద పోయింది కాబట్టి కరెంటు సగమే. కంప్యూటరు మూలుగుతూ లేచింది. తెర నల్లబడింది. దాని మధ్యలో ఒక దీపం వెలిగింది. దీపం కింద ఇలా ఉంది: “కీర్తిశేషులు గొర్తి లోహిత్ గారికి ద్వారం కుటుంబం కన్నీటి నివాళి.”

గొర్తి లోహిత్‌ని నేనే. మా రోజుల్లో అది కుర్రకారు పేరు. ఇప్పుడు లోహిత్‌లు, రిత్విక్‌లు, హాసినులు అంటే పళ్ళు ఊడినవాళ్ళు. పుట్టే పిల్లలకి అప్పన్నలనీ మహాలక్ష్ములనీ పెడుతున్నారు.

కెమెరా ముందు మొహం పెట్టి, నేనే లోహిత్‌ని, బతికే ఉన్నానన్నాను. ద్వారం గొంతు చాలా మర్యాదగా మాట్లాడుతుంది, చావింటికి వచ్చిన దూరపు బంధువులా.

“మీ దుఃఖం మాకు అర్థమవుతోంది. పోలికలు బాగా ఉన్నాయి. మీరు ఆయన తమ్ముడుగారా?”

నేను చచ్చానని ఎవరు చెప్పారని అడిగాను. ఎవరూ చెప్పలేదట, అదే చూసిందట. గోడ మీద ఖాతాదారుడి పటం, పటానికి గంధపు దండ, పక్కన ఎర్ర బల్బు, కింద పొగ వస్తున్న వత్తి. ఇన్ని ఆనవాళ్ళు ఉన్న ఏ తెలుగింట్లోనూ పటంలో మనిషి బతికి ఉన్న దాఖలా ఇంతవరకూ లేదట.

వెనక్కి తిరిగి చూశాను. నిజమే. నా పటం, దండతో, బల్బుతో, ఎంత శుభ్రంగా పోయానో. కింద వెలుగుతున్నది దోమల బత్తి.

రెండో రోజు

ఈ చావుకి మూలం సన్మానం.

కిందటి వారం ద్వారం వాళ్ళు వార్షికోత్సవం చేసుకున్నారు. తొలినాటి ఖాతాదార్లలో ఇంకా ఊపిరి తీస్తున్నవాళ్ళని వెతికి పట్టుకుని వేదిక ఎక్కించారు. వెళ్ళనన్నాను. శాలువా ఇస్తారట అంది హాసిని. వెళ్ళాను. శాలువా కప్పి, దండ వేసి, ఫోటో తీసి, ఫ్రేము కట్టించి మరీ ఇచ్చారు. ఫ్రేముకి బల్బు వాళ్ళే బిగించారు. ఈ రోజుల్లో ఫ్రేములన్నీ బల్బుతోనే వస్తాయి, ఎలాగూ కావాలి కదా అని.

ఇంటికొచ్చాక హాసిని పటాన్ని గోడకి కొట్టింది. గంధపు దండ ఎక్కడ పెట్టాలో తోచలేదు. పారేస్తే పాపం. బీరువాలో పెడితే పురుగు. పటానికి మేకు ఉంది కదా, తగిలించింది.

“బతికున్నవాడి పటానికి దండేస్తారటే ఎవరైనా?” అన్నాను.

“నీ మెడలో వేసినోళ్ళని వదిలేసి, మేకుకి తగిలించినదాన్ని పట్టుకున్నావేంటి అన్నయ్యా. అయినా నేను బతికే ఉన్నానని నువ్వెప్పుడైనా గమనించావా?”

ఆ రెండో మాటకి సంబంధం ఏమిటో నాకు తెలియలేదు.

దండ తీసేసి మళ్ళీ తెరిచాను. దండ తీసేయడం బంధువుల మధ్య ఆస్తి గొడవకి సూచన అంది ద్వారం, ఓర్చుకోమంది.

లైబ్రరీలో పద్నాలుగు వందల ఆటలున్నాయి. వాటిలో పన్నెండు వందలు నేను ఎప్పుడూ తెరవనివి. పండగ తగ్గింపుల్లో పోగేసినవి. పోతే పోనీ అనుకునే రకం. పాత డిస్కుల కాలం బంగారమని ఏడ్చేవాళ్ళంటే నాకు గిట్టదు. ఆ బంగారంలో నేనూ బతికాను. మేము దొంగ డిస్కుల మీద పెరిగినవాళ్ళం. ఒకడు కొంటే వీధంతా ఆడేది, ఆడినంతసేపూ వైరస్. నా డిస్కులకి ఉప్పుగాలికి బూజు పట్టింది, ఉన్న నాలుగు మంచివి హాసిని కాకుల్ని బెదిరించడానికి బాల్కనీలో వేలాడదీసింది. ద్వారం వచ్చాక కంప్యూటరు మార్చినా ఆటలు పోలేదు, ఆడుతున్న చోటే మళ్ళీ మొదలయ్యేది, రాజమండ్రిలో ఒకడూ రాయగడలో ఒకడూ కూర్చుని కలిసి ఆడాం. ఒప్పుకోవడానికి నోరు రాదుగానీ సుఖపడ్డాం. తాళం ద్వారం వాడి దగ్గర పెట్టి, ఇల్లు మనదే అనుకున్నాం.

నాకు బాధ ఒక్క ఆట గురించే. దాని పేరు ‘మూడో బంతి’. అది నేనూ రిత్విక్ కలిసి చేశాం. పెళ్ళి భోజనాలు వడ్డించే ఆట. కత్తి లేదు, తుపాకీ లేదు, చేతిలో గరిటె. వరసలో కూర్చున్నవాళ్ళ విస్తరి ఖాళీ కాకూడదు, అలిగినవాళ్ళు లేవకూడదు, మూడో బంతి వేళకి గిన్నెలు అడుగంటుతుంటే పరువు నిలబెట్టాలి. చేసిన మూలప్రతితో సహా ద్వారంలోనే పెట్టించాడు రిత్విక్, అక్కడైతే భద్రమని. కొన్నవాళ్ళు మా రెండిళ్ళ చుట్టాలు. కొన్నాళ్ళకి ద్వారం దాన్ని దుకాణంలోంచి తీసేసింది. కొన్నవాళ్ళ దగ్గర మాత్రం ఉంటుందంది. కొన్నవాళ్ళు ఒక్కొక్కరే పోయారు. రిత్విక్ తన దాన్ని ఎప్పుడో తుడిచేసుకున్నాడు, చోటు చాల్లేదట. మనిషి పోతే ద్వారంలో ఆటలు కూడా పోతాయి, వారసత్వం లేదు. అలా లోకంలో ‘మూడో బంతి’ నా ఒక్కడి ఖాతాలో మిగిలింది.

ఇప్పుడు నేనూ పోయాను.

మూడో రోజు

ద్వారం వాళ్ళు మన ఆచారాలని గౌరవిస్తారు. నిబంధనల్లో రాసుకున్నారు. ఖాతాదారుడు పోయాక పదకొండు రోజులు అతని లైబ్రరీ తెరిచి ఉంచుతారు. అతని జ్ఞాపకార్థం ఎవరైనా వచ్చి ఏ ఆటైనా ఆడుకోవచ్చు. పన్నెండో రోజు మూసేస్తారు, శాశ్వతంగా.

కిందటి వారమే సన్మానించినవాణ్ణి కాబట్టి నా చావుని మొదటి పేజీలో వేశారు. శాలువాతో ఉన్న ఫోటో. జనం వచ్చారు. పద్నాలుగు వందల్లో మిగతావన్నీ దుకాణంలో దొరికేవే. దొరకనిది ఒక్కటే. అందరూ దాంట్లోకే దూరారు.

హాసిని తన ఖాతా తెరిచి చూస్తుంటే అభిప్రాయాలు వచ్చి పడుతున్నాయి. దప్పళం అంటే ఆయుధమా అని ఒకడు. విస్తరి మడిచేటప్పుడు ఎటు మడవాలో ఆటలో చెప్పలేదని ఒకడు, నేను కావాలనే చెప్పలేదు. మామయ్య ఎందుకు అలిగాడో కారణం కనిపించడం లేదు, ఇది ప్రోగ్రాములో లోపమా అని ఇంకొకడు అడిగితే, కాదు, అదే అసలు సంగతి అని ఎవరో పెద్దావిడ జవాబిచ్చింది. పెళ్ళి భోజనం పెట్టెల్లో వచ్చి, ఎవరి పెట్టె వాళ్ళు ఇంటికి పట్టుకెళ్ళే రోజులివి. వరసగా కూర్చోవడమే వీళ్ళకి వింత.

నేను చేసిన ఆటని ఇంతమంది ఆడటం నేను బతికుండగా చూడలేదు.

ఐదో రోజు

పక్క ఫ్లాటు మహాలక్ష్మి వచ్చింది. కాకినాడ రేవు నుంచి జగన్నాథపురం వైపు లాంచీ నడుపుతుంది. ముప్పై అయిదేళ్ళుంటాయి, అరవై ఏళ్ళ గొంతు. నేను చచ్చిన సంగతి తెరమీద చూసి పరామర్శకి వచ్చి, తలుపు నేనే తీసేసరికి ఒక అడుగు వెనక్కి వేసింది. తర్వాత విషయం విని పడీపడీ నవ్వింది. పరామర్శకి తెచ్చిన అరటిపళ్ళు మాత్రం తిరిగి పట్టుకెళ్ళలేదు, మంచి మనిషి.

ఆమె కూడా ఆడుతోందట. పెరుగు దగ్గర చిక్కుకుపోయిందట.

పెరుగు ఘట్టం గురించి చెప్పాలి. మూడో బంతి సగంలో ఉంటుంది. పెరుగు బండి కాలవ లాకుల దగ్గర ఆగిపోతుంది. వరసలో నూట ఇరవై మంది. పెద్దాయన ఒకడు తినడం ముగించి చెయ్యి విదిలిస్తుంటాడు. ఆయన లేస్తే పక్కవాడు లేస్తాడు, వాడు లేస్తే బంతి మొత్తం లేస్తుంది. పెరుగన్నం పడకుండా బంతి లేచిందంటే ఆ పెళ్ళి గురించి మూడు తరాలు చెప్పుకుంటారు. బండి వచ్చేదాకా ఆయన్ని కూర్చోబెట్టాలి. పులుసు మారు అడగొచ్చు, రాజకీయాలు కదపొచ్చు, నీళ్ళు సన్నగా పొయ్యొచ్చు. ఏది ఎప్పుడు చెయ్యాలన్నదే ఆట.

“నాలుగు పెళ్ళిళ్ళు చెడగొట్టేశానండి బాబాయ్‌గారూ” అంది మహాలక్ష్మి. “ఆ ముసలాయన ఒక పట్టాన కూచోడండి, ఆయ్. మీరేనా ఆయన?”

కాదన్నాను. కిటుకు చెప్పమంది. చెప్పలేదు. చచ్చినవాడు కిటుకులు చెప్పకూడదన్నాను.

ఏడో రోజు

చావు రద్దు చేయించుకోవచ్చట. ద్వారం కార్యాలయానికి స్వయంగా వెళ్ళాలి. మిత్రుల జాబితాలో పాతికేళ్ళకు పైబడి ఉన్న ఒకరు పక్కన నిలబడి సాక్ష్యం చెప్పాలి. పదకొండో రోజు సాయంత్రం కార్యాలయం మూసేలోపు.

హాసిని ఖాతాలోంచి నా జాబితా తెరిచాం. పేరు పక్కన దీపం ఉంటే పోయినట్టు. దీపావళిలా ఉంది. దీపం లేని పేరు ఒక్కటే, మేడిశెట్టి రిత్విక్. వాణ్ణి జాబితాలోంచి తీసేద్దామని నలభై ఏళ్ళుగా అనుకుంటున్నాను. తీసేయడానికి కూడా ద్వారం తెరిచి రెండుసార్లు అవునని నొక్కాలి, వాడికోసం అంత శ్రమ ఎందుకని ఊరుకున్నాను.

హాసిని కబురు పెట్టింది. వాడు సామర్లకోట నుంచి వచ్చాడు. మా ఆట దుకాణంలోంచి తీసేసిన ఏడాదే ద్వారంలో ఉద్యోగంలో చేరి, అక్కడే ముసలివాడై బయటికి వచ్చినవాడు. జుట్టు నల్లగా ఉంది, నమ్మకం కలగలేదు. కుర్చీలో కూర్చుని గోడ మీద నా పటం చూసి, ఫోటో బాగా వచ్చిందిరా అన్నాడు.

సాక్ష్యం చెప్తానన్నాడు. అందులో వంక పెట్టడానికి నాకేమీ దొరకలేదు. తర్వాత గొంతు తగ్గించి ఇంకో సంగతి చెప్పాడు. దుకాణంలో లేని ఆటని పదకొండు రోజుల్లో ఇంతమంది ఆడితే, ద్వారం దాన్ని వారసత్వ సంపద కింద మళ్ళీ దుకాణంలో పెడుతుందట. పాత ఆట పాతగానే, మార్పులేవీ లేకుండా, ఎవరైనా ఆడుకునేలా. చేసినవాళ్ళలో బతికున్నవాళ్ళ పేరు మీద.

“అంటే నీ పేరు మీద” అన్నాను.

“రూలు నేను రాయలేదురా.”

నేను బతికితే ఏమవుతుందని అడిగాను. ఆట నా ఖాతాలోకి వెనక్కి వస్తుంది, నేనొక్కణ్ణే ఆడుకోవచ్చు. దుకాణంలో పెట్టమని అడగొచ్చు కదా అన్నాను. అడగొచ్చు, కానీ ఖాతాదారుడు బతికున్న ఆటకి కొత్త నిబంధనలన్నీ వర్తిస్తాయి, మొత్తం మళ్ళీ రాయాలి. చచ్చినవాడి ఆటకే మినహాయింపు.

“అప్పుడు ఒక్కసారి తలుపు తీస్తే చాలన్నావు” అన్నాను.

“అప్పటికి నాకు వాళ్ళు చెప్పింది అదే.”

“నలభై ఏళ్ళు అందులోనే కూచున్నావు కదా, ఒక్కసారైనా వాళ్ళని అడిగావా?”

వాడు నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, అడగలేదన్నాడు. హాసిని వాడికి వడియాలు వేయించి పెట్టింది. నాకు పెట్టలేదు. పోయినవాడికి విడిగా పెట్టాలి కదా, కాకులు రానీ అంది.

వాడు వెళ్ళాక హాసిని నన్ను సూటిగా అడిగింది, ఏం చేస్తావని. ఇంత బతుకూ బతికి ఆ రిత్విక్ పేరు మీద ఆటని వదిలేయమంటావా అన్నాను. బతుకుతాను, తప్పకుండా బతుకుతాను, వాడికి దక్కనివ్వకుండా బతుకుతాను అన్నాను. ఎనభై ఏళ్ళ వయసులో మనిషికి బతకాలని ఇంత పట్టుదల కలగడం ఆరోగ్యానికి మంచిదేనంది.

పదకొండో రోజు

మహాలక్ష్మి లాంచీలోనే వెళ్ళాం, నేనూ రిత్విక్. పాత కలెక్టరాఫీసు వీధి మీదుగా నీళ్ళలో పావుగంట. లాంచీలో ముప్పై మంది ఉంటే సగం మంది చేతుల్లో ‘మూడో బంతి’. పెరుగు రాకముందు దప్పళం మారు వెయ్యాలా వద్దా అని ఇద్దరు గుమస్తాలు కొట్టుకునేదాకా వెళ్ళారు. మా ముందు కూర్చున్న ఒకావిడ విస్తట్లో మిగిల్చినవాడికి మళ్ళీ వడ్డించినవాణ్ణి నానా తిట్లూ తిడుతోంది. నేను తలవంచుకుని కూర్చున్నాను. ఎవరూ నన్ను గుర్తు పట్టలేదు. శాలువా లేదు కదా.

మహాలక్ష్మి చుక్కాని ఒక చేత్తో, తెర ఒక చేత్తో పట్టుకుని నడుపుతోంది. రేవులో దించి, మీ పని అయ్యేదాకా ఇక్కడే ఉంటానండి, ఈ ముసలాయన సంగతి ఇవాళ తేల్చేస్తాను అంది. ఆ మాట విని రిత్విక్ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నా బంతిలో ముసలాయన సంగతి తేల్చడం అంత తేలికైతే ఇన్నేళ్ళు నేనే దాన్ని రోజూ ఆడేవాణ్ణి కాదు.

కార్యాలయంలో మనుషులు లేరు. ఒక గది, ఒక తెర, ఒక మీట. రిత్విక్ మొహం చూపించి, ఇతను గొర్తి లోహిత్, నాకు అరవై ఏళ్ళుగా తెలుసు, మహా మొండివాడు అన్నాడు. ద్వారం సంతోషించింది. సాక్ష్యం స్వీకరించింది. నన్ను ముందుకు రమ్మంది.

“మీరు బతికే ఉన్నారని అంగీకరిస్తే మీట నొక్కండి. నొక్కిన క్షణం నుంచి లైబ్రరీ మీకు మాత్రమే తెరుచుకుంటుంది. ప్రస్తుతం ‘మూడో బంతి’లో పద్దెనిమిది వేల బంతులు నడుస్తున్నాయి. అవి అక్కడికక్కడ ఆగిపోతాయి.”

చెయ్యి చాపినవాణ్ణి ఆగాను.

“ఆగిపోవడమంటే?” అన్నాను.

“వరసలు ఖాళీ అవుతాయి.”

“భోజనం మధ్యలో?”

“ఏ దశలో ఉంటే ఆ దశలో.”

వాళ్ళు తినేదాకా ఆగుతానన్నాను. ఆగవచ్చంది. గోడవారగా బల్ల ఉంటే కూర్చున్నాం. తెర మీద అంకె కనిపిస్తూనే ఉంది. ఒక బంతి లేస్తే రెండు బంతులు కూర్చుంటున్నాయి. పద్దెనిమిది వేలు పందొమ్మిదయ్యాయి, ఇరవై అయ్యాయి. ఇవాళే ఆఖరి రోజని అందరికీ తెలుసు, తోసుకుని వచ్చి కూర్చుంటున్నారు, అచ్చం పెళ్ళిలో లాగానే. రేపు రావచ్చా అని అడిగాను. రేపటికి మీరు శాశ్వతంగా కీర్తిశేషులు అంది, ఏమాత్రం వెటకారం లేకుండా.

రిత్విక్ రెండుసార్లు గడియారం చూశాడు. నొక్కరా అన్నాడు. వాడి పేరు మీదికి వచ్చే ఆట పోతుందని తెలిసి కూడా అన్నాడు. అది నాకు మరీ కోపం తెప్పించింది.

నాకు దేవుడి మీద నమ్మకం లేదు. ద్వారం మీద అంతకన్నా లేదు. చదివిన పుస్తకాల్లో ఏ ఒక్కటీ చివరిదాకా నమ్మలేదు. కానీ విస్తరి ముందు కూర్చున్నవాణ్ణి మధ్యలో లేపకూడదు. వాడు పగవాడైనా సరే, పిలవకుండా వచ్చినవాడైనా సరే, దప్పళాన్ని ఆయుధం అనుకున్నవాడైనా సరే. కలిపిన ముద్ద నోట్లోకి వెళ్ళేదాకా ఆగాలి. ఆ ఒక్క నియమం మీదే ఆట మొత్తం కట్టాను. బయట రేవులో మహాలక్ష్మి వరస కూర్చుని ఉంది, పెరుగు ఇంకా రాలేదు. దాన్ని లేపే చెయ్యి నాది కావాలా?

“పదరా” అన్నాను రిత్విక్‌తో. “ఇంటికి పోదాం.”

“పిచ్చా నీకు? మూసేస్తారు.”

“మూసెయ్యనీ. నేను పోయి పదకొండు రోజులైంది, ఇంకా ఎన్నాళ్ళు ఏడుస్తారు.”

రేవులో మహాలక్ష్మి తెరలోంచి తలెత్తలేదు. పని అయిందా బాబాయ్‌గారూ అంది. అయిందన్నాను. లాంచీ కదిలించడానికి ఇంకా కాసేపు పడుతుందండి, బంతి నడుస్తోంది అంది. ఏమీ తొందర లేదన్నాను.

మాసికం

నేను పోయి నెలైంది. హాసిని మాసికం పెడతానంటే గారెలు చెయ్యమన్నాను. చేసింది. ఈసారి నాక్కూడా పెట్టింది.

పన్నెండో రోజు లైబ్రరీ మూసేశారు. పద్నాలుగు వందల ఆటల్లో నాకు రెండో మూడో గుర్తొస్తుంటాయి, అవి కూడా వర్షం పడినప్పుడు. ద్వారం తెరవనక్కర్లేని పొద్దు ఎలా ఉంటుందో ఇన్నేళ్ళకి తెలిసింది. కాస్త పొడుగ్గా ఉంటుంది. కొత్త ఖాతా తీసుకోమని హాసిని అంటోంది. చచ్చినవాడి మొహంతో కొత్త ఖాతా ఇవ్వరు. ఇచ్చినా, నిబంధనలకి అంగీకరిస్తున్నాను అని మళ్ళీ నొక్కాలి. అది చేయనక్కర్లేకపోవడం చావులో ఉన్న పెద్ద సుఖం, ఎవరూ చెప్పరు.

‘మూడో బంతి’ దుకాణంలోకి వచ్చింది. రూపకల్పన: మేడిశెట్టి రిత్విక్. సహాయం: కీ.శే. గొర్తి లోహిత్. సహాయం అన్న మాట చదివి కాఫీ చల్లారబెట్టుకున్నాను. అయినా సరేననుకున్నాను. జనం ఆడుతున్నారు. మహాలక్ష్మి సాయంత్రాలు మా ఇంటికి వచ్చి ఆడుతుంది, నేను పక్కన కుర్చీలో కూర్చుంటాను. పెరుగు ఘట్టం దాటేసింది. ఎలా దాటిందంటే, లేవబోతున్న పెద్దాయన చేతికి గరిటె ఇచ్చి, మీరే వడ్డించండి అని వరసలోకి పంపింది. వడ్డించడానికి లేస్తే బంతి లేచినట్టు కాదు. ఆయన ఆ చివరికి వెళ్ళి ఈ చివరికి వచ్చేలోపు పెరుగు బండి వచ్చింది. ఆట ఆ దారిని ఒప్పుకుంటుందని దాన్ని చేసిన నాకే తెలియదు. ఆ సాయంత్రం నేను కాఫీ కూడా వద్దన్నాను. హాసిని నాడి చూసింది.

అంతవరకూ బాగానే ఉంది. నిన్న ద్వారం మొదటి పేజీలో రిత్విక్‌తో సంభాషణ వేశారు. పెరుగు ఘట్టం ఎలా తట్టిందని అడిగితే, మా నాయనమ్మ చెప్పిన కథలోంచి అన్నాడు.

వాడి నాయనమ్మ విజయనగరంలో బ్యాంకు ఉద్యోగి. పెళ్ళిళ్ళకి వెళ్ళేది కాదు.

రామచంద్రపురంలో మా పెదనాన్న కూతురి పెళ్ళిలో, నాకు పదేళ్ళప్పుడు, పెరుగు కావిళ్ళు తెస్తున్న వ్యాను లాకుల దగ్గర గోతిలో దిగబడింది. మా తాతయ్య బంతి మధ్యలో నిలబడి, తన తోడల్లుడి చేత ఏలేరు వరదల సంగతి ఎత్తించి, ఆయన తప్పు చెప్పినచోటల్లా దిద్దుతూ, నూటపాతిక మందిని అరగంట కూర్చోబెట్టాడు. పెరుగు వచ్చింది. ఎవరూ లేవలేదు. నేను నెయ్యి గిన్నె పట్టుకుని ఆయన పక్కన నిలబడ్డాను. ఆ రాత్రి ఆయన గొంతు పోయింది, మళ్ళీ సరిగ్గా రాలేదు.

ఈ సంగతి ఆట కింద రాద్దామంటే నాకు ఖాతా లేదు. హాసిని తన ఖాతాలోంచి రాసింది. దివంగతుల బంధువులు భావోద్వేగంతో రాసినవి ప్రచురించబోమని తీసేశారు. మహాలక్ష్మి రాస్తానంది. ఆమెకెందుకు ఈ గొడవ అని వద్దన్నాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

దండ తగిలించిన హాసినిని ఏమీ అనను, దాని గారెలు బాగున్నాయి. ద్వారాన్ని తిట్టడం కూడా మానేశాను, గుమ్మాన్ని తిడితే ఏం లాభం. ఆట వాడి పేరు మీదికి పోవడం కూడా నేను ఒప్పుకుని చేసిందే, దానికి వాణ్ణి అనను. మా తాతయ్య గొంతు పోగొట్టుకుని నిలబెట్టిన బంతిని, దాంట్లో ఏ మూలా కూర్చుని ఎరగని మనిషి ఒకడు తనింట్లో వడ్డించుకున్నాడు. ఆ మనిషి మేడిశెట్టి రిత్విక్.